పరాయి దేశంలో ఇల్లు కొని అక్కడే ఉండిపోవాలంటే: దస్తావేజు వేరు, వీసా వేరు, డబ్బు వెళ్లే దారి వేరు

ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి వైపు గల్ఫ్‌కో సింగపూర్‌కో మనిషి వెళ్లని వీధి అరుదు. విజయనగరం వైపు భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని చుట్టుపక్కల భూముల ధరలు పెరిగి, ఎన్నో ఏళ్లు ఎకరం రెండెకరాల మీద బతికిన కుటుంబాల చేతికి పెద్ద మొత్తాలు వచ్చాయి. పిల్లలు అక్కడ, డబ్బు ఇక్కడ. అందుకే ఉద్యోగ విరమణ దగ్గరపడ్డ ఇళ్లలో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట: దుబాయిలో ఒక ఫ్లాట్ కొనేసి అక్కడే ఉండిపోదామా? హోటళ్లలో ప్రదర్శనలు పెట్టి ఫ్లాట్లు అమ్మేవాళ్లు ‘ఇల్లు కొంటే వీసా దానంతట అదే వస్తుంది’ అని చెబుతుంటారు. ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు చట్టాలు కలిసిపోయి ఉన్నాయి.

పరాయివాళ్లు ఇల్లు కొనవచ్చా అన్నది ఆ దేశపు భూచట్టం చెబుతుంది. కొన్నవాళ్లు అక్కడ ఉండవచ్చా అన్నది ఆ దేశపు వలస చట్టం చెబుతుంది. ఇక్కడి డబ్బు అక్కడికి ఎంత, ఎలా వెళ్లాలన్నది మన విదేశీ మారకపు చట్టం, ఫెమా. అక్కడి ఆస్తి గురించి ఇక్కడ ఏం చెప్పుకోవాలి, ఎంత పన్ను కట్టాలన్నది ఆదాయపు పన్ను చట్టం. ఒక చట్టం సరేనన్నంత మాత్రాన మిగతా మూడూ సరేనన్నట్టు కాదు. ఈ వ్యవహారంలో నష్టపోయేవాళ్లలో ఎక్కువమంది మొదటిది మాత్రమే చూసుకుని అడ్వాన్సు కట్టేసినవాళ్లే.

దేశాన్ని బట్టి మారే లెక్క

మనవాళ్లు ఎక్కువగా అడిగేది దుబాయి గురించే కాబట్టి ముందు దాని సంగతి. అక్కడ విదేశీయులు పూర్తి హక్కుతో కొనగలిగేది ఫ్రీహోల్డ్‌గా ప్రకటించిన ప్రాంతాల్లోనే. 2006లో వచ్చిన 7వ నంబరు చట్టం దీనికి ఆధారం. ఇల్లు ద్వారా దీర్ఘకాలం ఉండటానికి రెండు దారులున్నాయి. 20 లక్షల దిర్హామ్‌ల విలువైన ఆస్తి ఉంటే పదేళ్ల గోల్డెన్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. 55 ఏళ్లు దాటి, కనీసం 15 ఏళ్లు ఉద్యోగం చేసినవారికి 10 లక్షల దిర్హామ్‌ల ఆస్తి మీద ఐదేళ్ల రిటైర్మెంట్ వీసా ఉంది. ఆస్తికి బదులు అంతే మొత్తం పొదుపు గానీ, నిర్ణీత నెలవారీ ఆదాయం గానీ చూపించవచ్చు. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. అంటే అక్కడ ఉండటానికి ఇల్లు కొనడం తప్పనిసరి కాదు. కొన్నాక ఆ ఇల్లు అమ్మేస్తే, దాని మీద వచ్చిన వీసా ఆధారం కూడా పోతుంది.

థాయ్‌లాండ్‌లో లెక్క తిరగబడుతుంది. విదేశీయుడి పేరు మీద భూమి రిజిస్టర్ కాదు. కాండోమినియంలో ఫ్లాటు కొనవచ్చు గానీ, ఆ భవనంలోని మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకూడదు. కొనే డబ్బు విదేశీ కరెన్సీగా ఆ దేశంలోకి వచ్చినట్టు అక్కడి బ్యాంకు ఇచ్చే పత్రం లేకపోతే ల్యాండ్ ఆఫీసు రిజిస్ట్రేషన్ చెయ్యదు. స్థానికుడి పేరు మీదో, కాగితాల మీదే ఉన్న కంపెనీ పేరు మీదో విల్లా కొనిపిస్తామని చెప్పేవాళ్లుంటారు. అది ఆ దేశ చట్టానికి విరుద్ధం, గొడవ వస్తే మీ పక్షాన నిలబడే కాగితం ఒక్కటీ ఉండదు. వీసా మాత్రం ఇంటితో సంబంధం లేకుండా వస్తుంది. 50 ఏళ్లు నిండి, బ్యాంకులో 8 లక్షల బాత్‌లు గానీ నెలకు 65,000 బాత్‌ల ఆదాయం గానీ ఉంటే చాలు. తర్వాత ప్రతి 90 రోజులకూ చిరునామా తెలియజేస్తూ ఉండాలి.

శ్రీలంక దగ్గర, తిండి కూడా మనదానికి దగ్గర. కానీ 2014లో వచ్చిన చట్టం ప్రకారం విదేశీయులకు భూమి బదిలీ చెయ్యడం కుదరదు. అపార్ట్‌మెంట్లలోని ఫ్లాట్లకు మినహాయింపు ఉంది, అదీ పూర్తి ధర ముందుగానే విదేశాల నుంచి పంపితే. మలేసియాలో రబ్బరు తోటలకు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలతో మన వాళ్లకు ఇంకా బంధుత్వాలున్నాయి. అక్కడి ‘మై సెకండ్ హోమ్’ పథకంలో 2024 నుంచి సిల్వర్ తరగతికి 1,50,000 డాలర్ల డిపాజిట్, కనీసం 6 లక్షల రింగిట్‌ల ఇల్లు కావాలి. ఆ ఇంటిని పదేళ్లు అమ్మకూడదు. దీనిపైన ప్రతి రాష్ట్రం విదేశీయులకు తన సొంత కనీస ధర పెట్టుకుంది, చాలాచోట్ల అది 10 లక్షల రింగిట్‌లు. రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా బదిలీ పూర్తికాదు.

అమెరికాలో ఎవరైనా ఇల్లు కొనవచ్చు. కొన్నందుకు ఒక్కరోజు కూడా అదనంగా ఉండనివ్వరు. రిటైర్మెంట్ వీసా అన్నదే లేదు. విజిటర్ వీసా మీద వెళితే సాధారణంగా ఆరు నెలలు. కొడుకో కూతురో అమెరికా పౌరసత్వం తీసుకుని, 21 ఏళ్లు దాటి ఉంటేనే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చెయ్యగలరు. అంతకంటే పెద్ద విషయం మరణానంతర పన్ను. అక్కడ స్థిరపడని విదేశీయుల పేరు మీద ఉన్న ఆస్తిలో మొదటి 60,000 డాలర్లకే మినహాయింపు, ఆపైన 40 శాతం దాకా ఎస్టేట్ పన్ను. అమ్మబోతే కొన్నవాడు ధరలో 15 శాతం పట్టి అక్కడి పన్ను శాఖకు కట్టాలి. అందుకని ఇల్లు పిల్లల పేరు మీద ఉండి, తల్లిదండ్రులు డబ్బు బహుమతిగా పంపడమే చాలా కుటుంబాలకు తెలివైన పని. ఏడాదికి లక్ష డాలర్లు దాటి విదేశం నుంచి బహుమతి వస్తే 3520 నంబరు ఫారంలో పిల్లలు చెప్పుకోవాలి, అది పన్ను కాదు, సమాచారం మాత్రమే. కానీ చెప్పకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది.

చట్టాలు మారతాయన్న సంగతి ఉత్తరాంధ్రకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. రంగూన్‌లో తరాలపాటు బతికి, వ్యాపారాలు పెట్టుకున్నవాళ్లు 1960లలో అక్కడి ప్రభుత్వం అన్నీ జాతీయం చేశాక దాదాపు కట్టుబట్టలతో వచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆ వలస గుర్తే. ఈ రోజుల్లో అంత తీవ్రంగా జరగకపోవచ్చు. కానీ పోర్చుగల్ 2023లో ఇళ్ల కొనుగోలు మీద గోల్డెన్ వీసా ఆపేసింది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి రెండేళ్లపాటు పాత ఇళ్లను విదేశీయులు కొనకుండా నిషేధించింది. ఇవాళ్టి నిబంధన మీ జీవితాంతం ఉంటుందని లెక్కవేసుకుని ఉన్నదంతా పెట్టకండి.

డబ్బు దగ్గరే అసలు చిక్కు

విదేశంలో ఇల్లు కొనడానికి మన దేశంలో నివసించే ఒక్కొక్కరూ ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. దీన్నే ఎల్‌ఆర్‌ఎస్ అంటారు. పాన్ తప్పనిసరి, బ్యాంకులో ఎ2 ఫారం నింపాలి. విదేశీ మారకం లావాదేవీలు అన్ని బ్రాంచీల్లో జరగవు. మండల కేంద్రంలోని బ్రాంచీకి వెళ్లి వారాలు తిరిగే బదులు శ్రీకాకుళం, విజయనగరం, లేదా విశాఖలో ఆ పని ఏ బ్రాంచీ చేస్తుందో ముందే కనుక్కోండి.

ఇప్పుడు లెక్క చూడండి. దిర్హామ్ డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది. రిటైర్మెంట్ వీసాకు కావలసిన 10 లక్షల దిర్హామ్‌లంటే 2,72,000 డాలర్లకు పైమాటే. అంటే ఒక మనిషి ఒక ఏడాది పరిమితిలో ఆ ఇల్లు కొనలేడు. గోల్డెన్ వీసాకు కావలసిన 20 లక్షల దిర్హామ్‌లు 5,44,000 డాలర్లు దాటుతాయి, భార్యాభర్తలిద్దరి ఏడాది పరిమితి కలిపినా 5 లక్షలే. దీనికి దారి రెండు ఆర్థిక సంవత్సరాలుగా విడగొట్టడం: కొంత మార్చి 31 లోపు, మిగతాది ఏప్రిల్‌లో. ఇద్దరూ పంపితే ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉండి తీరాలి. పేరు లేని కుటుంబ సభ్యుడి పరిమితిని ఆస్తి కొనడానికి వాడుకోవడానికి రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు. జంట పేర్ల మీద ఉంటే వీసా కోసం విలువను ఎవరి వాటా ఎంతగా చూస్తారో బుకింగ్‌కు ముందే రాతలో తీసుకోండి. పంపిన డబ్బు వాడకుండా ఉండిపోతే 180 రోజుల్లో వెనక్కి తేవాలి.

దీనికి ఇక్కడ అప్పు పుట్టదు. ఎల్‌ఆర్‌ఎస్ కింద ఆస్తి కొనడానికి బ్యాంకులు రుణం ఇవ్వకూడదు. క్రెడిట్ కార్డు గీకి ఫ్లాటు బుక్ చెయ్యడం కూడా వద్దు, కొనుగోలు డబ్బంతా బ్యాంకు ద్వారా, ఆ పథకం కిందే వెళ్లాలి. కట్టుబడి పూర్తయ్యాక మూడేళ్లపాటు వాయిదాలు కట్టుకోండని బిల్డర్లు ఇచ్చే వెసులుబాటును మన చట్టం దృష్టిలో విదేశంలో చేసిన అప్పుగా చూసే ప్రమాదం ఉంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు బ్యాంకు అభిప్రాయం అడిగి ఉంచుకోండి. దుబాయిలో నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అయితే ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌ను దుబాయి ల్యాండ్ డిపార్ట్‌మెంట్ యాప్‌లో చూసుకుని, ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాకే, అంటే నిర్మాణానికి మాత్రమే వాడేలా విడిగా ఉంచే ఖాతాకే, డబ్బు పంపాలి. ఏజెంటు ఖాతాకు వద్దు, ‘మా కంపెనీ ఖాతా’ అన్నా వద్దు.

ఇక టీసీఎస్. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను అదనంగా వసూలు చేస్తుంది. దిర్హామ్ 24 రూపాయలనుకుంటే 10 లక్షల దిర్హామ్‌ల ఇల్లు 2 కోట్ల 40 లక్షలు. భార్యాభర్తలు చెరి సగం, చెరో కోటీ 20 లక్షలు పంపితే, ఒక్కొక్కరి నుంచి 22 లక్షల చొప్పున మొత్తం 44 లక్షలు బ్యాంకు పట్టుకుంటుంది. ఇది పోయే డబ్బు కాదు, రిటర్ను వేస్తే మీ పన్నులో జమవుతుంది, మిగిలింది వెనక్కి వస్తుంది. కానీ అది చేతిలో లేకపోతే కొనుగోలే ఆగిపోతుంది. ఏప్రిల్‌లో పంపితే ఆ డబ్బు ఏడాదికి పైగా ఇరుక్కుంటుంది, ఫిబ్రవరి, మార్చిల్లో పంపితే కొన్ని నెలల్లోనే రిటర్ను వేసి రాబట్టుకోవచ్చు. బ్యాంకు ఇచ్చే మారకపు రేటు కూడా బేరమాడదగిందే. డాలరుకు ఒక్క రూపాయి తేడా 2,72,000 డాలర్ల మీద 2 లక్షల 72 వేలు.

రిజిస్ట్రేషన్ ఖర్చు విడిగా ఉంటుంది. దుబాయిలో బదిలీ రుసుము 4 శాతం, ఏజెంటుకు సాధారణంగా 2 శాతం, దానిమీద 5 శాతం వ్యాట్. 10 లక్షల ఇంటికి ఇవే 61,000 దిర్హామ్‌లు, ట్రస్టీ ఆఫీసు రుసుము, టైటిల్ డీడ్ ఖర్చులు కలిపితే 65,000 దాటుతుంది. మన లెక్కలో 15 లక్షల పైమాట.

ఇదంతా చెక్కు రూపంలో ఉన్న డబ్బు గురించి. మన జిల్లాల్లో భూముల అమ్మకాలు ఎలా జరుగుతాయో అందరికీ తెలుసు: దస్తావేజులో ప్రభుత్వ ధర, మిగతాది చేతికి. ఆ చేతికొచ్చిన డబ్బు సముద్రం దాటదు. ఆ డబ్బు ఎక్కడిదని బ్యాంకు అడుగుతుంది, చూపించాల్సింది దస్తావేజు, ఖాతాలో జమ, పన్ను రిటర్ను. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు కూడా. హవాలాలో పంపిస్తామనేవారి మాట వింటే ఫెమా కేసు, అక్కడి ఇల్లు చూపించుకోలేని పరిస్థితి, రెండూ మిగులుతాయి. విదేశీ ఇల్లు మనసులో ఉన్నవాళ్లు ఇక్కడి భూమి అమ్మేనాడే పూర్తి ధరకు రిజిస్టర్ చేయించుకోవాలి. తర్వాత సరిదిద్దుకునే మార్గం లేదు.

అమ్మిన భూమి మీద పన్ను కూడా అప్పుడే లెక్కవేసుకోవాలి. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. కానీ గ్రామీణం అంటే పంచాయతీలో ఉండటం కాదు. లక్షకు పైన, పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాల సరిహద్దు నుంచి గాలిదూరం 6 కిలోమీటర్ల దాకా పట్టణ భూమి కిందే లెక్క: శ్రీకాకుళం, విజయనగరం ఇందులోకి వస్తాయి. పదివేలకు పైన, లక్ష లోపు జనాభా ఉన్న ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, బొబ్బిలి, రాజాం లాంటి పట్టణాలకు 2 కిలోమీటర్లు. సాగులో ఉన్నట్టు అడంగల్ ఉండాలి. లేఅవుట్ కోసం వ్యవసాయేతర భూమిగా మార్పించి అమ్మితే ఆ మినహాయింపు పోయినట్టే. ఇక్కడి ఇల్లో స్థలమో అమ్మి మరో ఇల్లు కొంటే లాభం మీద పన్ను ఉండదన్న నమ్మకం చాలామందికి ఉంది. ఆ రెండో ఇల్లు భారతదేశంలో ఉంటేనే ఆ వెసులుబాటు. దుబాయి ఫ్లాటుకు అది వర్తించదు.

కొన్నాక ఏటేటా

పింఛను రూపాయల్లో వస్తుంది, ఖర్చు దిర్హామ్‌లలో ఉంటుంది. నెలకు 50,000 రూపాయల పింఛను అంటే 24 చొప్పున సుమారు 2,080 దిర్హామ్‌లు. 1,000 చదరపు అడుగుల ఫ్లాటుకు సర్వీస్ చార్జీ అడుగుకు 15 దిర్హామ్‌లనుకుంటే ఏడాదికి 15,000, నెలకు 1,250. ఇంట్లో దీపం వెలగకముందే పింఛనులో సగం పైగా పోయింది. 2015 ప్రాంతంలో దిర్హామ్ 17 రూపాయల చిల్లర ఉండేది. మన కరువు భత్యం మన ధరల్ని చూసి పెరుగుతుంది, దుబాయి ధరల్ని చూసి కాదు. అక్కడి ఖర్చులకు పిల్లలు తోడుంటారా, అద్దె వస్తుందా, డిపాజిట్లున్నాయా అన్నది కాగితం మీద వేసుకుని, కనీసం ఏడాది అద్దె ఇంట్లో ఉండి చూశాకే కొనడం మంచిది. ఎండాకాలం అక్కడ గడిపాక మనసు మార్చుకునేవాళ్లుంటారు, అప్పటికి ఇల్లు కొనకపోవడమే మేలు.

ఆరోగ్యం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ప్రభుత్వ ఉద్యోగుల హెల్త్ కార్డు అక్కడి ఆసుపత్రుల్లో చెల్లదు. దుబాయిలో నివాసం ఉండాలంటే ఆరోగ్య బీమా తప్పనిసరి. అరవై దాటాక ప్రీమియం పెరుగుతుంది, ముందునుంచీ ఉన్న జబ్బులకు షరతులుంటాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఈ నిర్ణయం తీసుకోవద్దు. కిడ్నీ జబ్బు ముదిరితే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కావాలి. ఇక్కడ పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఖర్చుతో చికిత్స ఉంది. అక్కడ అదే చికిత్స బీమాలో లేకపోతే కొన్న ఫ్లాటు అమ్ముకోవలసి వస్తుంది. అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చిన తల్లిదండ్రులకు సైతం ఐదేళ్లు వరసగా నివసించాక గానీ అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ప్రీమియం కట్టి చేరే వీలు రాదు.

ఇక్కడి నివాసిగా ఉన్నంతకాలం విదేశీ ఆస్తిని ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించాలి. అద్దె రాకపోయినా సరే, ఖాళీగా ఉన్నా సరే. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి చిన్న మొత్తాలకు కొంత సడలింపు ఇచ్చారు గానీ అది స్థిరాస్తికి లేదు. దుబాయిలో పన్ను లేదు కదా అని అద్దె చెప్పకుండా ఉంటే తప్పు. ఇక్కడి నివాసికి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ పన్ను పడుతుంది, అక్కడ కట్టింది లేదు కాబట్టి తగ్గించుకునేదీ ఉండదు.

గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు తన జీతంతో కొంటే ఈ కథంతా మారిపోతుంది. ఎల్‌ఆర్‌ఎస్ లేదు, టీసీఎస్ లేదు, ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం ఇక్కడ చూపించాల్సిన పనీ లేదు. తిరిగివచ్చాక కూడా ఆ ఇంటిని ఉంచుకోవడానికి ఫెమా అనుమతిస్తుంది. తల్లిదండ్రుల్ని తన స్పాన్సర్‌షిప్ మీద తెచ్చుకోవచ్చు. చాలా కుటుంబాలకు ఇదే సరైన దారి, కానీ ఆ ఇల్లు కొడుకుదే అవుతుందనీ, కూతుళ్ల సంగతి ఇక్కడి ఆస్తిలో చూడాలనీ ముందే మాట్లాడుకోవాలి.

వెళ్లేముందు సర్దుకోవలసినవి

పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. మన పల్లెల్లో 1980లలో పెళ్లయిన జంటల్లో చాలామందికి ఇది లేదు. భార్యకు వీసా ఇవ్వడానికి శుభలేఖ చాలదు. వయసు రుజువులు, పెళ్లి ఫొటో, సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా చేయించుకోవచ్చు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, దుబాయి ఉన్న దేశమైన ఎమిరేట్స్ ఎంబసీ వరసగా ధృవీకరించాలి, ఎమిరేట్స్‌కు అపోస్టిల్ ముద్ర ఒక్కటే సరిపోదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూడండి. ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని 2022 నవంబరు నుంచి ఎమిరేట్స్ రానివ్వడం లేదు. ఆధార్, పాస్‌పోర్టు, ఇక్కడి దస్తావేజుల్లో పేరు ఒకే తీరుగా లేకపోతే అమ్మకపు డబ్బు మీదేనని బ్యాంకుకు చెప్పుకోవడం కూడా కష్టమవుతుంది.

స్థిరాస్తి ఏ దేశంలో ఉంటే వారసత్వం ఆ దేశపు చట్టం ప్రకారం నడుస్తుంది. హిందూ వారసత్వ చట్టం మనతోపాటు విమానం ఎక్కదు. ఎమిరేట్స్‌లో 2022లో తెచ్చిన చట్టం ప్రకారం ముస్లిమేతరులు విల్లు రాయకుండా పోతే ఆస్తిలో సగం భార్యకు లేదా భర్తకు, మిగతా సగం పిల్లలకు సమానంగా వెళుతుంది. మీ ఉద్దేశం వేరైతే అక్కడే విల్లు రిజిస్టర్ చేయించాలి. ఇక్కడి ఆస్తికి ఇక్కడ విడిగా రాయాలి, రెండో విల్లులో ‘ఇంతకుముందు రాసినవన్నీ రద్దు’ అన్న మామూలు వాక్యం పడి మొదటిది పోకుండా చూసుకోవాలి.

స్థిరంగా ఉండటానికి వెళ్లాక మీ పొదుపు ఖాతాను ప్రవాసుల ఖాతా అయిన ఎన్‌ఆర్‌ఓగా మార్చమని బ్యాంకుకు చెప్పడం మీ బాధ్యత. పింఛను అందులో పడుతుంది, దాన్ని అక్కడికి పంపుకోవచ్చు. వడ్డీ మీద మాత్రం 30 శాతం, దానిపై సెస్సు పట్టుకుంటారు. సీనియర్ సిటిజన్ పొదుపు ఖాతా కొత్తగా తెరవడానికి వీలుండదు. లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే సౌకర్యం ఉన్నా, ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు రోమింగ్‌లో బతికి ఉండేలా చూసుకోండి. ఓటీపీ రాక పింఛను ఆగిన తర్వాత విదేశం నుంచి ఖజానా కార్యాలయంతో మాట్లాడటం చాలా కష్టం.

ఇక్కడి జిరాయితీ భూమి ఎక్కడికీ పోదు, నివాసిగా ఉన్నప్పుడు కొన్నదీ, వారసత్వంగా వచ్చిందీ ఎన్‌ఆర్‌ఐ అయ్యాక కూడా ఉంచుకోవచ్చు. కొత్తగా పొలం, తోట కొనడానికి మాత్రం వీలుండదు. జీడి, కొబ్బరి తోటలు తోటల కిందకే వస్తాయి. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి, విస్తీర్ణం తగ్గి నమోదైన చోట అభ్యంతరం పెట్టాల్సింది యజమానే. వెళ్లేముందు 1బి, ఈసీ తీసి హద్దులతో సరిచూసుకోండి. చూసుకునే మనిషికి అమ్మకం హక్కు ఉన్న జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వకుండా, ఫలానా సర్వే నంబరులో కౌలు వసూలు, శిస్తు చెల్లింపు, అధికారుల ముందు హాజరు అన్న పనులకే పరిమితమైన స్పెషల్ పవర్ రాసి రిజిస్టర్ చేయించండి. ఆరు నెలలకోసారి ఈసీ ఆన్‌లైన్‌లో మీరే తీసి చూసుకోండి.